అబ్బా చెవి, జమీన్ ఆవాజ్

మా అబ్బాతో ఫోన్లో మాట్లాడాలంటే నాకు చిరాకు. "షుగర్ గోళీ వేసుకున్నావా అబ్బా?" అని అడిగితే, "గోళీలాడే వయసా నాది?" అంటాడు. వయసు మీద పడిందిలే అనుకునేవాళ్లం. మొన్న చెవుల డాక్టర్ దగ్గరకు తీసుకెళ్తే అసలు సంగతి తెలిసింది. పరీక్ష కాగితం మీద గీత బాగానే మొదలై, 4000 హెర్ట్జ్ దగ్గర దబ్బున గుంటలో పడింది. "పెద్ద మోతల దగ్గర పనిచేశారా?" అన్నాడు డాక్టర్. అమ్మీ నా వంక చూసింది.

అబ్బా ఇరవై రెండేళ్లు పైలింగ్ పని చేశాడు, ఎక్కువగా కాకినాడ వైపు. అక్కడి జమీన్ చాలా చోట్ల మెత్తన. పెద్ద ఇమారత్ బరువు పడితే కుంగుతుంది. అందుకే కింద గట్టి పొర తగిలేదాకా పైళ్లు దించాలి. ఇనుప గొట్టం నిలబెట్టి, అడుగున షూ తొడిగి, పైన రెండున్నర టన్నుల సుత్తితో కొడతారు. విన్చ్ దాన్ని మీటరుకు పైగా లేపి వదిలేస్తుంది. ధన్! మళ్లీ లేపుతుంది. ధన్! గొట్టం దిగాక లోపల కడ్డీల బోను పెట్టి, కాంక్రీటు పోస్తూ గొట్టాన్ని పైకి లాగేస్తారు. షూ మాత్రం జమీన్లోనే ఉండిపోతుంది.

ఎక్కడ ఆపాలి అన్నదే అసలు హునర్. గొట్టం మీద సుద్దతో గీతలు గీసి, చివరి పది దెబ్బలకు ఎన్ని మిల్లీమీటర్లు దిగిందో కొలుస్తారు. దాన్నే సెట్ అంటారు. ఇంజనీరు చెప్పిన లెక్కలోపు ఉంటే ఆ పైలు ఖతం. అబ్బా మాత్రం గీతలు చూడకముందే చెప్పేవాడు. నేను చిన్నప్పుడు టిఫిన్ డబ్బా తీసుకెళ్తే పక్కన నిలబెట్టుకుని, "సున్ బేటా, ఇది బంకమట్టి, ఆవాజ్ మింగేస్తోంది. ఇదిగో, ఇసక తగిలింది" అనేవాడు. నాకు అన్నీ ఒకటే ధన్.

ఒకసారి ఓ పైలు, పక్కవాటికంటే చాలా పైనే సెట్ చూపించింది. అందరికీ ఖుషీ, పని తొందరగా అయిందని. అబ్బా ఒప్పుకోలేదు. "ఇది జమీన్ ఆవాజ్ కాదు, ఏదో అడ్డం పడింది" అని హఠం వేశాడు. తవ్వి చూస్తే పాత నుయ్యి తాలూకు రాళ్లు! ఆ కాంట్రాక్టరు శభాష్ అన్నాడు గానీ, ఆ పూట పని పోయిందని గొణుక్కున్నాడు కూడా.

చెవి మూతలు ఇవ్వలేదా అని నాకు ఆ కాంట్రాక్టరు మీద కోపం వచ్చింది. రోజుకు ఎనిమిది గంటలు 85 డెసిబెళ్లు దాటితేనే చెవికి ఖత్రా అంటారు. సుత్తి దగ్గర మోత వంద దాటుతుంది. అమ్మీని అడిగితే నవ్విందో ఏడ్చిందో తెలీదు. "ఇచ్చారు రా. పెట్టుకుంటే ఆవాజ్ ఎట్లా తెలుస్తుందని మీ అబ్బానే తీసేసేవాడు."

ఆ సుత్తి రిజ్క్‌తోనే నా ఫీజులు కట్టాడు. ఆ ఫోన్లలో నేను ఎన్నిసార్లు విసుక్కున్నానో.

చెవి మిషన్ కొన్నాం. ఫ్యాను మోత ఎక్కువైందని తీసి డబ్బీలో పెట్టేశాడు.

మా ఎదురు ఖాళీ జాగాలో ఇప్పుడు అపార్ట్‌మెంట్ లేస్తోంది. పెద్ద రిగ్గు వచ్చింది, మట్టిని తొలిచి తీస్తుంది. సుత్తి లేదు. దుబాయ్‌లో బుర్జ్ ఖలీఫా కింద 192 పైళ్లు కూడా ఇట్లా తొలిచి పోసినవే. అబ్బా పిట్టగోడ మీద అరచెయ్యి ఆనించి చాలాసేపు నిలబడ్డాడు.

"కొట్టకుండా గట్టి జమీన్ వచ్చిందని వాళ్లకెట్లా తెలుస్తుంది?"

"తొలిచిన మట్టి చూస్తారు అబ్బా. తర్వాత లోడ్ టెస్ట్ చేస్తారు" అన్నాను, గట్టిగా.

"రోటీ తర్వాత తింటా" అన్నాడు.