ఇరుసు మార్చిన బండి

ఇరుసు, కందెన, చీల యను మాటలు నేటి మన పిల్లలకు పుస్తకములలో కనబడునే గాని కన్నులకు గానరావు. నా చిన్నతనమున మా తాతగారి యెడ్లబండికి కందెన వేయునప్పుడు, చక్రము నూడదీసి, యిరుసును తుడిచి, నల్లని జిడ్డు పూయుట నేను అరుగుమీద కూర్చుండి చూచుచుండెడిదానను. పిమ్మట ఆ మాటలన్నియు మరచితిని. సముద్రములు దాటి పోయిన తరువాత, అమెరికా దేశమున మా తమ్ముని యింట, మరల అవియే నా చెవిని బడినవి. ఆ ముచ్చట మీతో చెప్పవలెనని యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

2023వ సంవత్సరము మార్చి నెలలో మా మరదలి రెండవ కాన్పునకు సాయముగా నేను కొలరాడో రాష్ట్రమునకు వెళ్లితిని. మావారు బడిపంతులు. ఇంటిని, పిల్లలను తామును మా అత్తగారును చూచుకొందుమని ధైర్యము చెప్పి పంపిరి. మా తమ్ముని యింటి కానుకొని బండ్లు నిలుపు గ్యారేజి యొకటి కలదు. అందులో 1987వ సంవత్సరపు టొయోటా పికప్పు బండి యుండెను. ముందు మనుష్యులు కూర్చుండు చిన్న గది, వెనుక సరకులు వేసికొనుటకు పైకప్పు లేని తొట్టి, ఇదియే పికప్పు. ఇతర దేశములలో ఈ జాతి బండిని హైలక్సు అందురు. వారమంతయు కంప్యూటరు ముందు కూర్చుండు మా తమ్మునికి, సెలవు దినములలో ఆ బండి నెక్కి రాళ్లురప్పల కొండదారులు పట్టుట మిక్కిలి ప్రీతి.

నేను వెళ్లిన వారమునకే మా మరదలు కన్నీరు పెట్టుకొని, “వదినా, చక్కగా నడచుచున్న బండిని కోసివేయుచున్నారు. ముందుభాగమంతయు తీసి పాత ఇనుము తగిలించెదరట. మీరైన నొక మాట చెప్పుడు” అనెను. బాలింతరాలి కంట నీరు చూచి నాకు కోపము వచ్చినది. మందలింపవలెనని గ్యారేజిలోనికి పోయితిని. పోయినదానను మందలించుట మరచి, పీట వేసికొని గంటసేపు వినుచు కూర్చుంటిని. అక్కకు తమ్ముని మీద నుండు పక్షపాతమును మీరు మన్నింపవలెను.

వాడు చెప్పిన సంగతి యిది. 1985 వరకు అమెరికాలో అమ్మిన ఈ నాలుగు చక్రముల చోదనపు పికప్పులకు ముందువైపున ఒకే నిడుపాటి గట్టి యిరుసు ఉండెడిది. దాని రెండు కొనలను రెండు చక్రములు, దానిపై కమానుకట్టలు, వానిపై బండి. 1986 నుండి ఆ పద్ధతి మారినది. ముందు చక్రములు రెండును వేరువేరు చేతులకు తగిలింపబడి, దేనిపాటికి అది లేచి దిగునట్లు చేయబడినవి. కమానుల బదులు మెలితిరిగి బరువు మోయు ఉక్కుకడ్డీలు వచ్చినవి. మా తమ్ముని బండి ఆ రెండవ జాతిది. దానికి మొదటి జాతి యిరుసును అమర్చుటయే వాని సంకల్పము.

“క్రొత్త పద్ధతిని విడిచి పాతదానికి పోవుట యేమిరా?” అని యడిగితిని. అందులకు వాడు, “అక్కా, అమ్మమ్మ ఊరిలో కావడితో నీళ్లు మోయుట చూచితివి గదా. కావడి కొక కొన లేచిన రెండవ కొన దిగును. గట్టి యిరుసు అట్టిది. ఒక చక్రము రాతిమీది కెక్కిన, రెండవ చక్రము నేలకు నొక్కబడి పట్టు విడువదు. నా బండి చక్రములు ఎవరి బిందె వారు మోయు ఇద్దరు ఆడువారి వంటివి. ఒకరు తొట్రుపడిన రెండవవారి నీరు తొణకదు. నున్నని రాచబాటపై అదియే సుఖము. కాని పెద్ద బండరాతిపై కెక్కినప్పుడు చక్రము దిగవలసినంత దిగజాలక గాలిలో వ్రేలాడి ఊరక తిరుగును” అనెను.

ఇంకను వివరించినాడు. పెద్ద చక్రములు వేయుటకై బండిని ఎత్తు చేసిన కొలది, వేరువేరు చక్రములకు శక్తి నందించు చిన్న కడ్డీలు ఏటవాలై, వాని కీళ్లు త్వరగా అరిగి విరుగును. కుదుపునకు బండి క్రుంగినప్పుడు నడుమ నున్న పండ్లచక్రాల పెట్టెయు నేలకు దగ్గరగును. గట్టి యిరుసున ఆ పెట్టె యిరుసులోనే యుండుటచేత, బండి ఎంత క్రుంగినను దానికి నేలకు నుండు ఎడము తగ్గదు. నష్టములను గూడ వాడు దాచలేదు. ఆ యిరుసు బరువైనది. ఒక చక్రమునకు తగిలిన దెబ్బ రెండవదానికి తెలియును. రాచబాటపై కుదుపు హెచ్చును. మన దేశపు లారీలకు నేటికిని ముందు ఇరుసు గట్టిదే, కమానుల పైనే. బరువునకు ఓర్చునది సుకుమారముగా నుండదు గదా.

తరువాతి రెండు నెలలు సెలవు దినములలో నేనును కొంగు నడుమునకు దోపుకొని చేతి సాయము చేసితిని. మొదట మెలితిరిగిన కడ్డీలను మెల్లగా వదులు చేయవలెను. వానిలో బండి బరువంతయు దాగియుండును, తొందరపడిన ప్రమాదము. పిదప చక్రముల చేతులను విప్పి, చాసీకి అంటియున్న పాత పట్టుగడలను కోసి, నునుపుగా అరగదీసి, కమానులకు క్రొత్త పట్టుగడలు వెల్డింగు చేయవలెను. 1985వ సంవత్సరపు బండి యిరుసును పాత ఇనుము అంగడిలో సంపాదించెను. దాని పండ్లచక్రాల పెట్టె, గేర్లపెట్టెనుండి ముందుకు శక్తి వచ్చు వైపుననే యుండవలెను. లేకున్న రెంటిని కలుపు కడ్డీ కుదురదు. ఈ పాత ఇరుసు క్రొత్తదానికన్న సుమారు 3 అంగుళములు ఇరుకు. కావున చక్రములను వెలుపలికి జరుపు బిళ్లలు వేసెను. ఇరుసు కొనలయందు గుండ్రని గిన్నెవంటి కీలు గలదు. దానిలోని ఉక్కు గుండ్లను నేను కిరసనాయిలుతో కడిగి తుడిచితిని. గిన్నెనిండ గ్రీజు కూరునప్పుడు మా తాతగారి కందెన కొమ్ము జ్ఞప్తికి వచ్చినది.

సైకిలు ముందు చక్రపు కమ్మి పైభాగము వెనుకకు వాలియుండుట మీరు చూచియుందురు. ఆ వాలు వలననే చక్రము తనంత తాను తిన్నబడును. ఈ బండికిని ముందు చక్రములు తిరుగు కీలు అట్లే కొన్ని డిగ్రీలు వెనుకకు వాలవలెను. వాలు చాలకున్న స్టీరింగు త్రోవ తప్పి తిరుగును. అందుచేత వెల్డింగునకు ముందు మా తమ్ముడు కొలిచినదే మరల మరల కొలిచెను.

అన్నియు ముగిసినవి. జూను నెలలో నొక ఆదివారమునాడు, అయిదేండ్ల పెద్దపిల్లవానిని ప్రక్కన కూర్చుండబెట్టుకొని బండిని మొదటిసారి వీధిలోనికి తీయవలెనని మా తమ్ముడు ఆత్రపడుచుండెను. మా మరదలు చంటిబిడ్డ నెత్తుకొని గుమ్మములో నిలిచి, “ఏమండీ, చక్రము పూర్తిగా వ్రేలాడినప్పుడు ఎంత దిగునో దింపి చూచితిరా?” అనెను.

“సమముగా నున్నప్పుడు అన్నియు కొలిచితిని” అని వాడనెను.

“సమముగా లేనిచోటికి పోవుటకే గదా యింత పని చేసితిరి?” అని యామె యనెను.

వాడు మారు పలుకక బండి చాసీకి జాకీలు పెట్టి ముందుభాగము నెత్తెను. చక్రములు క్రిందికి వ్రేలాడినవి. స్టీరింగును ఒక ప్రక్కకు కడవరకు త్రిప్పెను. అప్పుడు చూతుము గదా, చక్రమునకు పోవు బ్రేకు గొట్టము బిగించిన వీణతీగ వలె నుండెను! వెనుకటి కురుచ గొట్టమునే వాడు తగిలించియుండెను. క్రొత్త యిరుసు అంతకన్న ఎక్కువ దిగునని తెలిసియు, ఆ గొట్టమును మరచెను. కొండ దిగునప్పుడు అది తెగియుండిన, ముందు చక్రముల బ్రేకులు పనిచేయకుండెడివి. మా తమ్ముని ముఖము పాలిపోయినది. పిల్లవానిని బండినుండి దింపి, తాను నేలపై కూర్చుండెను.

“నీకీ సంగతి యెట్లు తెలిసినదమ్మాయీ?” అని నేనడిగితిని. “మా నాన్నగారు లారీ తోలినవారు గదా వదినా. కమానులు మార్చిన దినమున బండి క్రింద పరుండి, గొట్టములన్నియు చేతితో తడిమి చూచిన గాని తాళపుచెవి ముట్టెడివారు కారు. నేను దీపము పట్టుకొనెడిదానను” అనెను. మరి కొంతసేపటికి, “ఇన్ని నెలలలో నన్నొక్క మాట యడుగలేదు” అని మెల్లగా ననెను.

అప్పుడు నాకు తెలిసినది. ఆమె దుఃఖము ఇనుమును గురించి కాదు. తన భర్త ఇంత పెద్ద పనికి పూనుకొనుచు, ఇంటిలో ఆ విద్య తెలిసిన మనిషి యున్నదని తలంపకపోవుటను గురించి. ఆ మాట నాకును తగిలినది. నేను రామాయణ భారతములు చదివితి ననుకొందును. ఆమె చెప్పిన మాటలో దుఃఖమును వింటిని గాని, దాని వెనుక నున్న తెలివిని నేనును అడుగలేదు.

బండి మరల మూడు వారములు నిలిచిపోయినది. పొడుగైన బ్రేకు గొట్టములు వచ్చినవి. పనిలో ఆరితేరిన వెల్డరును పిలిపించి అతుకులన్నియు చూపగా, ఒకటి పైపైన మాత్రమే పట్టినదని తేలి, దానిని కోసి మరల అతికించిరి. మొదట కొన్ని మైళ్లు నడపి, కమానులను ఇరుసునకు పట్టు బోల్టులను మరల బిగించిరి. ఈసారి దీపము పట్టుకొన్నవాడు మా తమ్ముడు. బండి క్రింద పరుండి తడిమి చూచినది మా మరదలు.

ఆగస్టు నెలలో మేమందరమును యూరే యను కొండయూరికి పోయితిమి. అక్కడినుండి టెల్యూరైడ్ అను ఊరికి ఇమోజీను కనుమ మీదుగా రాళ్లదారి కలదు. ఆ కనుమ యెత్తు 13,114 అడుగులు. ఇరుసు మార్చని బండ్లును ఎన్నియో దానిని దాటుచుండునని మా తమ్ముడే యొప్పుకొనెను. బిడ్డలిద్దరితో నేను బసలో నిలిచితిని. ఆలుమగలు తెల్లవారుజామున బయలుదేరిరి. సాయంకాలమున దుమ్ముకొట్టుకొని తిరిగి వచ్చిరి. “రాళ్లమీద స్థిరముగా నడచినది వదినా. తారు రోడ్డుమీద మాత్రము నడుము విరిగినది” అని మరదలు నవ్వెను.

రథపు చీల ఊడగా కైకేయి తన వ్రేలు పెట్టి దశరథుని కాపాడినదని మన యిండ్లలో చెప్పుకొను కథ యున్నది. ఆ రాత్రి భోజనములవేళ నేనది గుర్తుచేసి, “ఇక రెండు వరములు కోరుకొనుమమ్మా” అని పరిహాసమాడితిని. ఆమె భర్తవైపు చూచి, “ఇకమీదట దేనినైన కోయుటకు ముందు నాతో నొక్కమాట చెప్పవలెను. ఇది మొదటిది” అనెను. “రెండవదో?” అని వాడు భయపడుచు నడిగెను.

“అది దాచుకొందును” అనెను మా మరదలు.