డోర్నకల్ బిషప్పు గుర్తుపట్టిన నాలుగు దయ్యాలు

శ్రమల దినాలు వచ్చాయంటే మన ఊళ్ళల్లో కూటాలు మొదలవుతాయి. పందిరి, పట్టాలు, రాత్రి తొమ్మిదిదాకా పాటలు, ఆ తర్వాత వాక్యం. ఈ మధ్య ఆ కూటాల్లో తరచుగా వినిపించే అంశం ఒకటుంది: విశ్వాసికి ప్రభువు ఇచ్చిన అధికారం. పాముల్నీ తేళ్ళనీ తొక్కడానికి, శత్రువు బలమంతటి మీదా నిలబడడానికి శిష్యులకు అధికారం ఇచ్చానని యేసు చెప్పిన సంగతి లూకా సువార్త 10వ అధ్యాయంలో చదువుకున్నాం కదా, అదే. వింటుంటే ఒళ్ళు పులకరిస్తుంది. నేను దాన్ని మనసారా నమ్ముతాను. నమ్ముతాను కాబట్టే మీతో ఈ కబురు మొదలుపెట్టాను. పందిట్లోంచి ఇంటికి వచ్చాక ఆ అధికారం ఏమవుతోందండీ? మర్నాడు పొద్దున వడ్డీ వసూలుకు మనిషి గుమ్మంలో నిలబడ్డప్పుడు, కూరలో ఉప్పు ఎక్కువైందని ఇంటాయన కంచం తోసేసినప్పుడు, అది ఎక్కడుంటోంది?

ఈ ప్రశ్నకు జవాబు వెతికితే నాకు ఎప్పుడూ డోర్నకల్ గుర్తొస్తుంది. ఇప్పుడు మహబూబాబాద్ జిల్లాలో ఉంది, ఆ రోజుల్లో నిజాం రాజ్యం. వేదనాయగం శామ్యూల్ అజరయ్యగారి పేరు మీరు వినే ఉంటారు. 1874లో తిరునెల్వేలి సీమలో, ఒక పల్లెటూరి గురువుగారి ఇంట్లో పుట్టిన తమిళుడు. వై.ఎం.సి.ఏ.లో కార్యదర్శిగా దేశమంతా తిరిగే పని ఆయనది. దాన్ని వదిలి 1909లో డోర్నకల్ వచ్చి, తెలుగు నేర్చుకుని, పల్లెల్లో పనికి దిగారు. 1912 డిసెంబరు 29న కలకత్తాలోని సెయింట్ పాల్స్ కెథీడ్రల్‌లో ఆయన్ని బిషప్పుగా అభిషేకించారు. ఆంగ్లికన్ సంఘంలో భారతీయుడు బిషప్పు కావడం అదే మొదటిసారి. తెల్లదొరల ఏలుబడి సాగుతున్న కాలంలో అది ఎంత పెద్ద పదవో ఊహించుకోండి.

అంత పెద్ద పదవిలో ఉన్న మనిషి పల్లెలకు వెళ్ళి ఏం చెప్పేవారంటే, మన ఊళ్ళను పట్టి పీడించే దయ్యాలు నాలుగున్నాయి, వాటిని వెళ్ళగొట్టాలని. మురికి, రోగం, అప్పు, తాగుడు. ఈ నాలుగే. నాకు ఇది మొదట తెలిసినప్పుడు చాలాసేపు ఆలోచనలో పడ్డాను. దయ్యాలంటే మనకు చింతచెట్టు, అర్ధరాత్రి, జుట్టు విరబోసుకున్న మనిషి గుర్తొస్తాయి. ఆయన వేలు చూపింది మాత్రం వాకిట్లో నిలవనీరు మీద, కల్లుకుండ మీద, షావుకారు దగ్గరున్న నోటు మీద. మనిషిని ఏది ఏలుతోందో, ఏది లేవనివ్వకుండా నేలకు అదిమిపెడుతోందో, దాన్ని పేరు పెట్టి పిలిచారాయన. క్రీస్తు ఇచ్చిన అధికారాన్ని అక్కడ వాడమన్నారు.

ఇంకో సంగతి. బాప్తిస్మం తీసుకునేవాళ్ళ చేత ఆయన వాళ్ళ చెయ్యి వాళ్ళ తలమీదే పెట్టించేవారు. నేను బాప్తిస్మం పొందినవాణ్ణి, సువార్త చెప్పకపోతే నాకు శ్రమ అని పలికించేవారు. మొదటి కొరింథీ పత్రికలో పౌలు తన గురించి చెప్పుకున్న మాటను, అక్షరమ్ముక్క రాని కూలివాడి నోట, నాట్లు వేసే ఆడమనిషి నోట పెట్టారన్నమాట. వాళ్ళ తలమీద బిషప్పుగారి చెయ్యి కాదు, వాళ్ళ చెయ్యే. నిన్నటిదాకా ఊళ్ళో ఎవరూ మాట్లాడనివ్వని మనిషి తన తలమీద తనే చెయ్యి పెట్టుకుని ఆ మాట అంటున్నప్పుడు ఆ గుండె ఎలా కొట్టుకుని ఉంటుందో!

అజరయ్యగారికి ఇంకా ముందే మన నేలమీద ఇలాంటి మనిషి ఒకాయన ఉన్నాడు. ఒంగోలు వైపు తాళ్ళకొండపాడు. యెర్రగుంట్ల పేరయ్య, తోళ్ళ వ్యాపారం చేసే మాదిగ కులస్థుడు. 1866లో మిషనరీ జాన్ క్లౌ దొరగారి దగ్గర బాప్తిస్మం తీసుకుని, తన ఊరికి, తన చుట్టాల ఊళ్ళకి నడిచి వెళ్ళి చెప్పాడు. కొత్తగా నమ్మినవాళ్ళకు క్లౌగారు పెట్టిన నియమాలు కొద్దే: విగ్రహాలకు మొక్కవద్దు, ఆదివారం పని చేయవద్దు, చచ్చిన గొడ్డు మాంసం తినవద్దు. వినడానికి చిన్నవే. పాటించి చూస్తే ఊరంతా తలకిందులైంది. జాతరకు డప్పు కొట్టం అన్నారు. ఆదివారం పొలానికి రాం అన్నారు. ఊరి పెద్దలు కోప్పడ్డారు, బాధలు పెట్టారు. అయినా వీళ్ళు జంకలేదు. తరతరాలుగా తమను ఏలిన దానికి మొదటిసారి వద్దు అని చెప్పగలిగారు. ఆత్మీయ అధికారం అంటే నాకు కళ్ళకు కట్టేది ఇదే. ఎదుటివాణ్ణి వంచడం కాదు, మనల్ని వంచేదాని ముందు వంగకపోవడం.

మరి ఆ బలం ఎక్కణ్ణుంచి వస్తుంది? కపెర్నహూములో శతాధిపతి కథ తీయండి. దాసుడు జబ్బుతో పడి ఉన్నాడని యేసు దగ్గరికి వచ్చిన రోమా సైనికాధికారి. మీరు మా ఇంటికి రానక్కర్లేదు, మాట సెలవిస్తే చాలు అంటాడు. ఎందుకు? తనూ ఒకరి చేతికింద ఉన్నవాడే, తన చేతికిందా సైనికులున్నారు, కాబట్టి మాట ఎలా చెల్లుతుందో తనకు తెలుసు అంటాడు. గమనించారా, మొదట తను ఎవరి కింద ఉన్నాడో చెప్పి, తర్వాతే తన కింద ఉన్నవాళ్ళ సంగతి ఎత్తాడు. ఇశ్రాయేలులో కూడా ఇంత విశ్వాసం చూడలేదని యేసు ఆశ్చర్యపోయింది ఆ మనిషి గురించే. పైగా ఆయన వచ్చింది తన పదోన్నతి కోసం కాదు, ఇంట్లో పనిచేసే ఒక దాసుడి కోసం. యాకోబు పత్రికలో కూడా వరుస అదే: ముందు దేవునికి లోబడడం, ఆ తర్వాత అపవాదిని ఎదిరించడం.

ఆ మొదటి భాగాన్ని వదిలేసి రెండో భాగం పట్టుకుంటే ఏమవుతుందో అపొస్తలుల కార్యములు 19వ అధ్యాయంలో ఉంది. ఎఫెసులో స్కెవయ కుమారులు ఏడుగురు, పౌలు ప్రకటించే యేసు పేరును మంత్రంలా వాడబోయారు. దయ్యం పట్టిన మనిషి వాళ్ళమీద పడి కొడితే ఒంటిమీద బట్ట లేకుండా, గాయాలతో ఆ ఇంట్లోంచి పారిపోయారు. ఆ పేరు మంత్రం కాదు. పొద్దున్నే ఆయన ముందు కూర్చుని, ఆయన చెప్పింది చేయడానికి ఒప్పుకున్న మనిషి నోట్లోనే దానికి బరువు.

ఇక ఇంట్లోకి వద్దాం. ఇక్కడ కాస్త గట్టిగానే మాట్లాడతాను, ఏమీ అనుకోవద్దు. పురుషుడు భార్యకు శిరస్సు అన్న వాక్యం మన మగవాళ్ళకు కంఠతా వచ్చు. అదే ఎఫెసీ పత్రికలో, క్రీస్తు సంఘం కోసం తన ప్రాణం పెట్టినట్టు భార్యను ప్రేమించమన్న మాట దాని పక్కనే ఉంది, అది గుర్తుండదు. ఆదివారం ప్రార్థన నడిపించి, సోమవారం ఇంట్లో చెయ్యెత్తేవాళ్ళు మన సంఘాల్లో ఉన్నారు. ఇది మనందరికీ తెలుసు, ఎవరూ మాట్లాడం. ఆయన తగ్గుతాడులే, నువ్వే ఓర్చుకో అని ఆ అమ్మాయినే సర్ది పంపిస్తాం. పేతురు తన మొదటి పత్రిక 3వ అధ్యాయంలో భర్తలకు ఒక హెచ్చరిక రాశాడు: భార్యను గౌరవించకపోతే మీ ప్రార్థనలకే ఆటంకం వస్తుందని. అంటే ఇంట్లో భార్యను కొట్టే మనిషి పందిట్లో ఎంత గొంతు చించుకున్నా ఆ ప్రార్థనకు దారి మూసుకుపోయినట్టే. అలాంటి ఇంటికి వెళ్ళి ఆ మనిషిని కూర్చోబెట్టి అడగడం, అవసరమైతే ఆ అమ్మాయిని ఆ ఇంట్లోంచి బయటికి తీసుకురావడం, పోలీసుల దగ్గరికి వెళ్ళాల్సి వస్తే తోడు వెళ్ళడం సంఘ పెద్దల పని. వాళ్ళకు అధికారం ఇచ్చింది ఇలాంటి రోజు కోసమే.

ఇంట్లో సాయంకాలం ప్రార్థన ఎవరు చేస్తారు? చాలా ఇళ్ళల్లో నాన్నగారు, ఆయన లేకపోతే అమ్మ. పిల్లలకు జ్వరం వస్తే మాత్రం పాస్టరుగారికి ఫోను. పాస్టరుగారిని పిలవడం మంచిదే, నేను కాదనను. కానీ బిడ్డ నుదుటిమీద మొదటి చెయ్యి అమ్మది కావాలి. తన తలమీద తన చెయ్యి పెట్టుకున్న ఆ కూలితల్లికి ఎవరి అనుమతీ కావలసి రాలేదు కదా. పదేళ్ళ పిల్లాడి చేత కూడా చేయించండి. తడబడతాడు, పరీక్షల గురించే చేస్తాడు, ఫర్వాలేదు.

అప్పు సంగతి చెప్పకపోతే అజరయ్యగారికి అన్యాయం చేసినట్టే. ఇప్పుడు షావుకారు ఒక్కడే కాదు. చిట్టీ ఉంది, గ్రూపు లోను ఉంది, బంగారం తాకట్టు ఉంది, సెల్‌ఫోన్లో నిమిషంలో డబ్బిచ్చి ఆ తర్వాత బంధువులందరికీ ఫోన్లు చేసి పరువు తీసే యాపులున్నాయి. అప్పు తీరాలని ఉపవాసం ఉంటాం. అది సరే. ఆ అప్పు ఎలా పుట్టిందో మాత్రం అడగం. ఆసుపత్రి ఖర్చుకో, పంట పోయో చేసిన అప్పు వేరు, అక్కడ సంఘం చెయ్యందించాలి. పెళ్ళికి వెయ్యిమందికి భోజనాలు, కట్నం, డ్రోను కెమెరా, వీటికి చేసిన అప్పు వేరు. దాని వెనకాల ఉన్నది నలుగురూ ఏమనుకుంటారో అన్న భయం. ఈ కాలంలో మన ఇళ్ళను ఏలే ఆత్మ అదేనని నాకు గట్టిగా అనిపిస్తుంది. కట్నం అడగం, ఇవ్వం, చర్చి ఆవరణలోనే మధ్యాహ్నం భోజనం పెడతాం అని ఒక కుటుంబం నలుగురిలో చెప్పగలిగితే, ఆ నోటిమాటలో ఉన్నది అచ్చంగా లూకా 10వ అధ్యాయంలోని అధికారమే.

తాగుడు గురించి మీకు నేను చెప్పేదేముంది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు సారా దుకాణాన్ని మూయించడంతో మొదలైన ఉద్యమం మరుసటి ఏడాదికల్లా రాష్ట్రంలో సారా నిషేధం తెచ్చింది. అది క్రైస్తవ ఉద్యమం కాదు, ఊరి ఆడవాళ్ళందరిదీ. కానీ దేవుని పేరు చెప్పుకునే మనం అలాంటివాళ్ళ పక్కన నిలబడుతున్నామా అని ఒకసారి చూసుకోవాలి. మురికి సంగతి ఇంకా తేలిక, చీపురు ఎక్కడుందో అందరికీ తెలుసు.

సంఘంలో పెత్తనాల గురించి ఒక మాట. యోహాను సువార్త 13వ అధ్యాయం మళ్ళీ చదవండి. తండ్రి సమస్తాన్నీ తన చేతికి అప్పగించాడని ఎరిగి యేసు ఏం చేశాడు? భోజనం దగ్గరనుంచి లేచి, తువాలు కట్టుకుని, శిష్యుల కాళ్ళు కడిగాడు. సమస్తమూ చేతిలో ఉందని తెలిసిన క్షణంలో ఆయన చేసిన పని అది. కమిటీ ఎన్నికలప్పుడు, చర్చి స్థలాల తగాదాలప్పుడు ఈ అధ్యాయం ఎవరికీ గుర్తు రాదు. 1910లో ఎడిన్‌బరో మిషనరీ మహాసభలో ముప్పై అయిదేళ్ళ అజరయ్యగారు నిలబడి, తెల్ల మిషనరీల త్యాగాన్ని మెచ్చుకుంటూనే, మాకు పైనుంచి ప్రేమ చూపేవాళ్ళు కాదు, స్నేహితులు కావాలని అడిగారు. ఆ మాట సభలో చాలామందికి నచ్చలేదు. ఇవాళ మన పల్లెల్లో ఒక పేద విశ్వాసి తన పాస్టరుగారిని, తన పెద్దల్ని అడగాల్సింది కూడా అదే. అయ్యగారూ, మా ఇంట్లో మా కంచంలో తింటారా అని.

చివరికి రోగం. అజరయ్యగారి నాలుగు దయ్యాల్లో అదీ ఉంది కాబట్టి దాటిపోలేను. స్వస్థత కోసం ప్రార్థన చేయండి, ధైర్యంగా చేయండి. నేను చేస్తాను. కానీ షుగరు మాత్రలు, టీబీ మందులు విశ్వాసం పేరుతో మానేయమని ఎవరైనా చెబితే వినవద్దు. ప్రార్థించినా బాగుపడని మనిషి మంచం పక్కన కూర్చుని, నీలో ఏదో పాపం ఉంది, నీకు నమ్మకం చాలలేదు అనేవాళ్ళను చూస్తే నా కడుపు రగిలిపోతుంది. పౌలు కంటే ఎక్కువ అధికారంతో ప్రార్థించినవాళ్ళు ఎవరున్నారు? ఆయన ఒంటిమీది చేతిరుమాళ్ళు తాకినా ఎఫెసులో రోగులు బాగుపడ్డారు. అదే పౌలు తన శరీరంలోని ముల్లు తీసేయమని మూడుసార్లు వేడుకున్నా అది పోలేదు. తిమోతికి కడుపునొప్పి ఉంటే ఏం తాగాలో జాబు రాశాడు. తనతో ప్రయాణం చేసిన త్రోఫిము అనే స్నేహితుడు జబ్బు పడితే మిలేతు ఊళ్ళో వదిలి ముందుకు సాగాల్సి వచ్చింది. అతనికి విశ్వాసం చాలలేదని మాత్రం ఒక్క మాట రాయలేదు.

కాబట్టి మీ ఇంట్లో ఎవరైనా ఏళ్ళ తరబడి మంచంలో ఉంటే, మీ ప్రార్థనలో లోపం ఉందని ఎవరైనా వచ్చి అంటే, త్రోఫిము సంగతి చెప్పండి. రెండో తిమోతి పత్రిక, 4వ అధ్యాయం, 20వ వచనం. బైబిలు తెచ్చి చూపించండి.