మా ఆటలోకి గంగిరెద్దు వచ్చిన కథ

మేమంటే ఏడుగురు పిల్లలు, ఒక తెలుగు టీచరు. ఆరు నుంచి ఎనిమిదో తరగతి వరకు చదివే ఈ ఏడుగురూ ఏడు ఊళ్లలో పుట్టారు. ఇప్పటికే తలా రెండు మూడు బడులు మారారు. టీచరుదీ అదే కథ, ముప్పై ఆరేళ్లకు ఇది ఆరో ఊరు. చలికాలంలో పదిగంటలైనా మంచు విడవని ఈ ఉత్తరాది ఊళ్లో తెలుగు చదివేవాళ్లు ఏడుగురు దొరకడమే గొప్ప. అందుకే ఫిబ్రవరిలో జరిగే బడి ప్రదర్శనలో తెలుగు తరగతి పేరు కూడా కనిపించాలని పట్టుపట్టాం. ఒక కంప్యూటర్ ఆట తయారు చేద్దామనుకున్నాం.

కంప్యూటర్ సార్ వారానికి ఒక పీరియడ్ ల్యాబు ఇచ్చారు. ఆట స్క్రాచ్‌లో చేయాలని నిర్ణయమైంది. అమెరికాలోని ఎంఐటీ వాళ్లు 2007లో పిల్లల కోసం విడుదల చేసిన ఉచిత ప్రోగ్రాం అది. తెరవగానే నారింజరంగు పిల్లి ఒకటి ఎదురొస్తుంది. ఆటలో అలా కదిలే బొమ్మనే స్ప్రైట్ అంటారు. మా ఆటలో పైనుంచి తెలుగు అక్షరాలు రాలుతుంటాయి. కింద తిరిగే బొమ్మ వాటిని ఏరుకుని మాట కూర్చాలి.

"మేడమ్, పిల్లి ఎందుకు? గంగిరెద్దును పెడదాం" అంది ఎనిమిదో తరగతి అమ్మాయి. మా ఏడుగురిలో గంగిరెద్దును కళ్లారా చూసింది తనొక్కతే. సంక్రాంతికి అమ్మమ్మగారి ఊరు వెళ్లినప్పుడు ఇంటి ముందుకే వచ్చిందట. వీపు మీద రంగుల బొంత, కొమ్ములకు కుచ్చులు, మెడలో గంటలు, సన్నాయి వాయిస్తుంటే తలూపడం... తను చెబుతుంటే మిగతా ఆరుగురూ నోరు తెరుచుకుని విన్నారు. పిల్లి పని అక్కడితో అయిపోయింది.

మొదట ఒక ఫోటో వెతికి ఆటలో పెట్టాం. ఎద్దుతోపాటు దాని వెనకున్న తెల్లని చతురస్రం కూడా నడవసాగింది. పచ్చటి పొలంలో ఎద్దు దుప్పటి వెంటేసుకుని తిరుగుతున్నట్టుంది! కారణం కంప్యూటర్ సార్ చెప్పారు. ఆ ఫోటో జేపీజీ ఫైలు. జేపీజీకి 'ఇక్కడ ఏమీ లేదు' అని చెప్పే వీలు లేదు, ఖాళీని కూడా ఏదో ఒక రంగుతో నింపుతుంది. పైగా సైజు తగ్గించడానికి అంచుల్ని కొంచెం అలికేస్తుంది. పీఎన్‌జీ అయితే ఖాళీని ఖాళీగానే ఉంచగలదు. స్ప్రైట్‌కు అదే కావాలి. ఎవరో తీసిన ఫోటోను అడక్కుండా వాడుకోవడమూ సబబు కాదనిపించింది. సరే, మేమే గీద్దామనుకున్నాం.

దేంతో గీయాలి? అడిగిన ప్రతివారూ ఒక పేరు చెప్పారు. మేము డూడూ బసవన్నల్లా అందరికీ తలూపాం. ఇంట్లో లాప్‌టాప్ ఉంది కాబట్టి ఎద్దును గీసే పని ఎనిమిదో తరగతి అమ్మాయికే అప్పగించాం. తను ముప్పై రోజులు ఉచితంగా వాడుకోనిచ్చే ఒక ఖరీదైన సాఫ్ట్‌వేర్ ఎక్కించుకుంది. మూడు వారాలు కూర్చుని గీసింది. బొంత మీద అద్దాలు, గంటల మీద మెరుపులు కూడా వేసిందట. 'అట' అని ఎందుకంటున్నామంటే, ఆ బొమ్మను మేము సరిగ్గా చూడనే లేదు.

డిసెంబరులో వాళ్ల నాన్నగారికి బదిలీ ఉత్తర్వు వచ్చింది. వారంలో సామాను కట్టేశారు. వెళ్లే ముందు రోజు తను పెన్‌డ్రైవ్ చేతికిచ్చి, "మేడమ్, ఎద్దు ఇందులో ఉంది" అంది. సెలవుల తర్వాత ల్యాబులో పెట్టి చూస్తే ఆ ఫైలు తెరుచుకోలేదు. అది ఆ సాఫ్ట్‌వేర్ సొంత రూపంలో దాచిన ఫైలు. మా ల్యాబులో ఉన్న ఏ ప్రోగ్రామూ దాన్ని గుర్తుపట్టలేదు. అక్కడ తన లాప్‌టాప్‌లో ముప్పై రోజుల గడువు అయిపోయింది. మూడు వారాల పని చేతిలో ఉండి కూడా లేనట్టే. "పీఎన్‌జీగా కూడా దాచావా?" అన్న ఒక్క మాట తను వెళ్లేలోపు అడగాల్సింది. అడగకపోవడం మా పొరపాటే.

ఆ రోజు నల్లబల్ల మీద మూడు ప్రశ్నలు రాసుకున్నాం. రేపు ఏ ఊరికి వెళ్లినా ఇది డబ్బు లేకుండా దొరుకుతుందా? బొమ్మ పీఎన్‌జీగా బయటికి వస్తుందా? చేతిలో మౌస్ తప్ప ఇంకేమీ లేని ఆరో తరగతి పిల్లాడు ఒక్క పీరియడ్‌లో పని మొదలుపెట్టగలడా?

ఈ ప్రశ్నలతో ఒక్కొక్కటీ పరీక్షించాం. మా ల్యాబులో ఉన్న పాత పెయింట్ మూడోదానికి నెగ్గింది కానీ తెల్లని దుప్పటిని వదిలించలేకపోయింది. గింప్ ఉచితం, ఫోటోలు దిద్దడానికి, పొరలు పొరలుగా పని చేయడానికి చాలా మంచిది. కానీ చిన్నవాళ్లు దాని మెనూల్లో దారి తప్పారు. క్రిటా రంగులద్దే చేతికి పండగే, కానీ అసలు సుఖం పెన్నుతో గీసే పలక ఉన్నవాళ్లకే తెలుస్తుంది. ఇంక్‌స్కేప్‌లో గీత లెక్కల రూపంలో ఉంటుంది కాబట్టి బొమ్మను ఎంత పెంచినా అంచు చెదరదు. తోలుబొమ్మకు లాగా తల వేరు, కాళ్లు వేరు గీసి కదిలించుకోవచ్చు. కానీ ఆ వంపులు చేతికి రావడానికి నెలలు పడుతుంది. టక్స్ పెయింట్‌ను తెలుగులో కూడా నడపవచ్చు. మా ఆరో తరగతి పిల్లాడి చెల్లెలు, రెండో తరగతి పాప, దాన్ని వదల్లేదు. అయితే నడిచే బొమ్మలు వరుసగా గీయడానికి అది అనువు కాదు.

చివరికి పిస్కెల్ దగ్గర ఆగాం. అది బ్రౌజర్‌లోనే తెరుచుకుంటుంది, డబ్బు అడగదు. తెర మీద గళ్లు కనిపిస్తాయి, ఒక్కో గడిలో ఒక్కో రంగు నింపుకుంటూ పోవడమే. గళ్ల నోటుబుక్కూ, చుక్కల ముగ్గూ తెలిసినవారికి కొత్తేమీ కాదు. ఒక ఫ్రేము మీద ఇంకో ఫ్రేము గీసేటప్పుడు ముందుది నీడలా కనిపిస్తుంది కాబట్టి కాలు ఎంత జరపాలో తెలుస్తుంది. పక్కనే చిన్న కిటికీలో బొమ్మ నడుస్తూ ఉంటుంది. ఒక జాగ్రత్త మాత్రం చెప్పాలి. అందులో 'బ్రౌజర్‌లో దాచు' అనేది నొక్కితే బొమ్మ ఆ ఒక్క కంప్యూటర్‌లోనే ఉండిపోతుంది. మనలాంటివాళ్లం ఫైలుగా దించుకుని పెన్‌డ్రైవ్‌లో పెట్టుకోవాల్సిందే.

మా ఎద్దుకు అడ్డం 32 గళ్లు, నిలువు 32 గళ్లు అనుకున్నాం. మొత్తం 1024 గళ్లు. అంత చిన్న చోట అద్దాలు, మెరుపులు పట్టవు. ఏది ఉంచాలో, ఏది వదలాలో తేల్చాలి. గంగిరెద్దును చూడని ఆరుగురూ అది తేల్చలేకపోయారు. ఒకడు గీస్తే కుక్కలా వచ్చింది, ఇంకొకరిది కుర్చీలా వచ్చింది. అప్పుడు ఆ అమ్మాయికి ఫోన్ చేశాం. అక్కడ ఇంకా సామాను లారీ చేరలేదు, లాప్‌టాప్ అందులోనే ఉంది. "గళ్ల నోటుబుక్కు దొరికితే చాలు మేడమ్" అంది.

రెండు రోజుల తర్వాత మధ్యాహ్నం విరామంలో ఫోన్ స్పీకర్‌లో పెట్టి చుట్టూ కూర్చున్నాం. తను వరుస తర్వాత వరుస చదివింది. "ఐదో వరుస. పద్దెనిమిది ఖాళీ, రెండు పసుపు, నాలుగు తెలుపు, ఒకటి నలుపు, ఏడు ఖాళీ." "అక్కా, పద్దెనిమిది అంటే ఎయిటీనేనా?" అని అడిగాడు చిన్నవాడు. ఇంట్లో కూడా వాళ్లు అంకెలు ఇంగ్లీషులోనో హిందీలోనో చెప్పుకుంటారు. 32 వరుసలు పూర్తవడానికి మూడు మధ్యాహ్నాలు పట్టింది. మూడోరోజుకు ఎవరూ ఆ ప్రశ్న అడగలేదు. ఒక్కో వరుస నిండుతుంటే ముందు కొమ్ములు, తర్వాత మూపురం, ఆ తర్వాత బొంత తేలాయి. మాలో ఎవరూ చూడని ఎద్దు మా నోటుబుక్కులో నిలబడింది.

దాన్ని పిస్కెల్‌లోకి ఎక్కించి, నడకకు నాలుగు ఫ్రేములు, తలూపడానికి రెండు ఫ్రేములు తయారు చేశాం. బయటికి తీసేటప్పుడే నాలుగింతలు పెంచాం. చిన్న బొమ్మను తర్వాత సాగదీస్తే చాలాచోట్ల అంచులు మసకబారతాయి. ఆరూ విడివిడి పీఎన్‌జీలుగా తీసి స్క్రాచ్‌లో పెట్టాం. తెల్లని దుప్పటి లేదు. 'అమ్మ' అన్న మాట పూర్తికాగానే ఎద్దు తలూపింది.

ప్రదర్శన రోజున ఆ అమ్మాయికి వీడియో కాల్‌లో ఆట చూపించాం. కాసేపు చూసి, "మూపురం ఒక గడి ముందుకు జరిగింది. పదకొండో వరుస తప్పు రాసుకున్నారు" అంది. నోటుబుక్కు తీసి లెక్కపెడితే నిజమే. ఆ సాయంత్రమే దిద్దాం.

ఇది చదువుతున్న మీలోనూ చాలామంది సగం చేసిన పనిని ఒక ఊళ్లో వదిలి ఇంకో ఊరికి వెళ్లినవాళ్లే. ఏ సాఫ్ట్‌వేర్ గొప్పది అని మమ్మల్నెవరైనా అడిగితే, నీతోపాటు బదిలీ అయ్యేది ఏదో చూసుకో అంటాం. తర్వాత మాలో ఇంకో ఇద్దరు వెళ్లిపోయారు. ఇద్దరికీ ఆరు పీఎన్‌జీలు, తిరిగి దిద్దుకోవడానికి పిస్కెల్ ఫైలు, గళ్ల కాగితం జిరాక్సు ఇచ్చి పంపాం. ఈసారి బదిలీల జాబితాలో టీచరు పేరు కూడా ఉంది. గళ్ల నోటుబుక్కు మాత్రం తెలుగు తరగతి బీరువాలోనే ఉంటుంది. పదకొండో వరుస ఎర్రసిరాతో దిద్ది ఉంటుంది, చూసి గీసుకోండి.