ఇరవై ఒక్క రోజులు

మా బాల్కనీలోంచి చూస్తే నియోపొలిస్ వైపు క్రేన్లు కనిపిస్తాయి. కోకాపేటలో 2023 వేలంలో ఎకరం వంద కోట్లు దాటిన నేల అది. జూన్‌లో ఒక ఆదివారం మా టీమ్‌లో అమ్మాయి వాళ్ళ తమ్ముణ్ణి వెంటబెట్టుకుని ఇంటికొచ్చింది. వరంగల్ వైపు ఒక కాలేజీలో బీటెక్ మొదటి సంవత్సరం పూర్తి చేశాడు. వాళ్ళమ్మకి హైదరాబాద్‌లో వారానికి మూడుసార్లు డయాలసిస్. అక్క ఒక్కతే చూసుకుంటోంది.

"అన్నా, మీరు కూడా కాలేజీ మారడానికి తిరిగిన్రట కదా. ఎట్ల చెయ్యాలె?"

తిరిగాను. మారలేదు. రెండో ముక్క ఆ పిల్లాడికి వెంటనే చెప్పలేకపోయా.

2007లో నాకు కర్నూలు వైపు ఒక ప్రైవేటు కాలేజీలో సీటొచ్చింది. ఫస్టియర్ పరీక్షలయ్యాక, వేసవిలో నాన్నకి పక్షవాతం. ఇల్లు పటాన్‌చెరులో. అమ్మ ఒక్కతే ఆయన్ని లేపి కూర్చోబెట్టాలి. హైదరాబాద్‌లో ఏ కాలేజీకి మారినా చాలనుకున్నాం. చదువుతున్న కాలేజీ ఎన్.ఓ.సి. ఇవ్వాలి, చేరబోయే కాలేజీ ఖాళీ ఉందని రాసివ్వాలి, ఆపైన యూనివర్సిటీ ఒప్పుకోవాలి. మొదటివాళ్ళు "ముందు వాళ్ళ లెటర్ తే" అన్నారు. రెండోవాళ్ళు "ముందు ఎన్.ఓ.సి. తే" అన్నారు. తర్వాత ఆపరేటింగ్ సిస్టమ్స్ పాఠంలో డెడ్‌లాక్ గురించి చెప్తుంటే నాకు ఉదాహరణ అక్కర్లేకపోయింది.

చివరికి మిగిలిన మూడేళ్ళ ఫీజు కడితేనే టీసీ అన్నారు. అప్పుడు మండిపోయింది గానీ, ఇప్పుడు వాళ్ళ లెక్క అర్థమవుతుంది. ఒక పిల్లాడు వెళ్ళిపోతే వాళ్ళకి పోయేది మూడేళ్ళ ఆదాయం. మార్కుల మెమోలు, టీసీ వాళ్ళ బీరువాలో తాకట్టు వస్తువులు. ఇదంతా నడుస్తుండగానే, 2008లో, జె.ఎన్.టి.యు. హైదరాబాద్, కాకినాడ, అనంతపురం యూనివర్సిటీలుగా విడిపోయింది. నేనున్న కాలేజీ అనంతపురానికి వెళ్ళింది. కొన్ని నెలల ముందు అందరం ఒకే సిలబస్ చదివి, ఒకే యూనివర్సిటీ పరీక్ష రాశాం. ఇప్పుడది వేరే యూనివర్సిటీ అట.

క్లాసులు మొదలయ్యాయి. అటెండెన్స్ 75 శాతం ఉండాలి. వదిలేశాను. శనివారం రాత్రి బస్సులో ఇంటికి, ఆదివారం రాత్రి బస్సులో వెనక్కి. నాన్న 2010లో ఒక బుధవారం పోయారు. "నువ్వు గట్టిగా అడగలేదేమో రా" అని అమ్మ ఇప్పటికీ అంటుంది.

నాలాంటివాడికి ముందుగా తట్టేది, ఒక పోర్టల్ కట్టేస్తే పోలా అని. కానీ పోర్టళ్ళకి కొదవ లేదు. 2021లో యూజీసీ అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ తెచ్చింది. పిల్లల క్రెడిట్లు డిజిటల్ ఖాతాలో పడతాయి, ఒక చోటి నుంచి ఇంకో చోటికి తీసుకెళ్ళొచ్చు. ఒరిజినల్ సర్టిఫికెట్లు కాలేజీలు పట్టి ఉంచుకోకూడదని అంతకుముందే 2018లో చెప్పింది. మంచివే. అయితే క్రెడిట్ కదిలినంత మాత్రాన పిల్లాడు కదలడు. వాణ్ణి పంపడానికి ఒకరు, చేర్చుకోవడానికి ఒకరు సంతకం పెట్టాలి. ఎప్పటిలోగా పెట్టాలన్న గడువు నా ఫైలుకి లేదు. ఈ పిల్లాడి ఫైలుకీ ఎవరూ చెప్పలేదు.

ఒకరోజు సెలవు పెట్టి వాడితోపాటు వాళ్ళ కాలేజీకి వెళ్ళా. ఆఫీసులో ఒక పెద్దావిడ. మన కథల్లో గుమస్తా అంటే లంచగొండి, లేదంటే జాలిపడాల్సిన జీవి. ఈవిడ రెండూ కాదు. స్కాలర్‌షిప్‌లు, పరీక్ష ఫీజులు, బస్ పాసులు, బోనఫైడ్లు అన్నీ ఆవిడే చూస్తారు. మేం కూర్చున్న అరగంటలో నలుగురు తల్లిదండ్రులు ఫోన్ చేశారు, ఒకే ప్రశ్న: ఫైలు ఎక్కడుంది?

"ఫైలు నా దగ్గర ఉండదు బాబూ. తిట్లు మాత్రం నా దగ్గరికే వస్తయి" అన్నారావిడ.

ఆవిడ చేతిలో ఏ నిర్ణయమూ లేదు. లోపలికి వెళ్ళిన కాగితం బయటికొచ్చేదాకా ఆవిడకీ మాకు తెలిసినంతే తెలుసు. ఆ ఫైలుకి ఒక నంబరుండి, ఎవరి బల్ల మీద ఎన్ని రోజులుగా ఉందో అందరికీ కనిపిస్తే ఆ నాలుగు ఫోన్లూ రావు.

ఏ సబ్జెక్టులు అదనంగా రాయాలి అని పిల్లాడు అడిగితే, అక్కడ చేరాక వాళ్ళే చెప్తారన్నారు. కాలిఫోర్నియాలో అసిస్ట్ అని ఒక వెబ్‌సైటుంది. కమ్యూనిటీ కాలేజీలో చదివిన ఏ కోర్సు, ఏ స్టేట్ యూనివర్సిటీలో దేనికి సమానమో దరఖాస్తుకి ముందే చూసుకోవచ్చు. వెనకాల ఉన్నది పెద్ద టెక్నాలజీ ఏం కాదు, అధ్యాపకులు కూర్చుని ఒప్పుకున్న పట్టికలు. ఒకే యూనివర్సిటీ కింద ఉన్న మన కాలేజీల మధ్య అలాంటి పట్టిక వెయ్యడం నిజంగా అంత కష్టమా?

తిరిగొచ్చేటప్పుడు గండిపేట దాటాక క్రేన్లు మళ్ళీ కనిపించాయి. తెలంగాణలో 2020లో వచ్చిన బీపాస్ చట్టం ప్రకారం పెద్ద భవనం ప్లాన్‌కి గడువు 21 రోజులు. ఆలోగా అధికారులు ఏమీ తేల్చకపోతే అనుమతి ఇచ్చినట్టే లెక్క. కుదరదంటే కారణం చెప్పాలి, మౌనంగా కూర్చోవడం కుదరదు. బిల్డర్‌కి ఇచ్చిన ఆ హామీ డయాలసిస్ తల్లి ఉన్న పిల్లాడికి ఎందుకివ్వరని కారులో కాస్త గట్టిగానే అన్నాను. వాడు నవ్వాడు.

"మీది ఎన్ని రోజులకి వచ్చిందన్నా?"

అప్పుడు చెప్పాను.

వాడు కాసేపు మాట్లాడలేదు. తర్వాత ఫోన్ తీసి, ఆవిడ ముద్ర వేసిచ్చిన రసీదు ఫొటో నాకు పంపాడు, మీ దగ్గర కూడా ఒకటి ఉండనీయండి అని. దాని మీద తేదీ ఉంది. ఇది రాసేటప్పటికి 26 రోజులు.