ఎస్‌ఎంపీఎస్ డబ్బా మీద రాసిన వాట్లు



కంప్యూటర్ల గురించి ఈయన రాయడమేమిటని కొందరు నవ్వుకోవచ్చు. నేను రైల్వేలో గూడ్సు ఆఫీసు క్లర్కుగా రిటైరయినవాణ్ణి. చదువంతా కృష్ణగిరి పక్క తమిళ మీడియంలో. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం, ఆఫీసులో ఇంగ్లీషు, వీధిలో కన్నడం. తెలుగు అక్షరాలు ఉద్యోగంలో చేరాక నేర్చుకున్నవి. ఎక్కడైనా ఒత్తు జారితే సర్దుకుని చదవండి. విషయం మాత్రం నాకు తెలిసినదే. ఇది మోసే బరువు లెక్క. ముప్పై ఏళ్ళు నేను కూడింది, తీసివేసింది ఆ లెక్కే.

మన సంఘంలో టైలరింగ్ చేసే ఒక తమ్ముడున్నాడు. పేరు రాయను. కొడుకు పెళ్ళి వీడియోలు ఎడిటింగ్ చేస్తాడు. పాత కంప్యూటరులో ఒక పెళ్ళి బయటికి రావడానికి రాత్రంతా పడుతోందని, కొత్తది కావాలన్నాడు. తండ్రి చీటీ ఎత్తి అరవై వేలు చేతిలో పెట్టాడు. నెల నెలా కట్టాల్సిన చీటీ అది. కంప్యూటరు ఆగితే కంతు ఆగుతుంది. అందుకే తండ్రి కొటేషన్ కాగితం పట్టుకుని నా దగ్గరికి వచ్చాడు.

కాగితంలో అన్నీ బాగున్నాయి. రైజెన్ 5 5600 ప్రాసెసరు, బి450 బోర్డు, ఆర్‌టీఎక్స్ 3060 గ్రాఫిక్స్ కార్డు. రంగురంగుల దీపాలున్న అద్దాల క్యాబినెట్టు. అన్నిటికంటే కింద ఒక్క లైను: "ఎస్‌ఎంపీఎస్ 450 వాట్లు". ధర చూస్తే దీపాల ఫ్యాన్ల కంటే తక్కువ. అబ్బాయి పైగా ప్రాసెసరును ఓవర్‌క్లాక్ చేస్తానంటున్నాడు. అంటే కంపెనీ పెట్టిన వేగం కంటే ఎక్కువ వేగంతో పరుగెత్తించడం.

ఇక్కడ నాకు వ్యాగన్ గుర్తుకొచ్చింది. గూడ్సు బండి పక్కన నిలబడి చూడండి, ప్రతి వ్యాగన్ మీదా అంకెలు రాసి ఉంటాయి. బొగ్గు మోసే బాక్స్-ఎన్ వ్యాగన్ ఖాళీ బరువు 22.47 టన్నులు. అందులో వేయదగ్గ సరుకు 58.81 టన్నులు. రెండూ కలిపితే 81.28. ఆ 81 చూసి "81 టన్నుల సరుకు పట్టించండి" అని పార్టీ అడిగితే ఒప్పుకుంటామా? ఎక్కువ వేస్తే 1989 రైల్వే చట్టం 73వ సెక్షన్ కింద జరిమానా ఛార్జీ పడుతుంది. పెద్ద అంకె గొప్పకు, పనికొచ్చే అంకె పక్కనే ఉంటుంది. ఎస్‌ఎంపీఎస్ డబ్బా కూడా అంతే.

ఆ డబ్బా పనేమిటి? గోడలోంచి వచ్చే 230 వోల్టుల ఏసీ కరెంటును 12, 5, 3.3 వోల్టుల డీసీగా మార్చి లోపలి భాగాలకు పంచడం. ఈ కాలపు కంప్యూటరులో ప్రాసెసరు, గ్రాఫిక్స్ కార్డు, అంటే ఎక్కువ తినేవి రెండూ, 12 వోల్టుల లైను మీదే బతుకుతాయి. కాబట్టి చూడాల్సింది ఆ లైను ఒక్కటి ఎంత ఇస్తుందని. డబ్బా పక్కన చిన్న పట్టిక అంటించి ఉంటుంది. 12 వోల్టుల గడిలో ఎన్ని ఆంపియర్లో చూసి 12తో గుణించండి. చిన్న బడి లెక్క.

వాళ్ళతో పాటు నేనూ ఎస్‌పీ రోడ్డుకు వెళ్ళాను. టౌన్ హాల్ దగ్గర ఆ సందుల్లో దొరకని వస్తువు లేదు, వినపడని భాష లేదు. కొటేషన్ ఇచ్చిన దుకాణంలో ఆ డబ్బా చూపించమన్నాను. పైన పెద్ద అక్షరాల్లో 450. పట్టికలో 12 వోల్టుల కింద 16 ఆంపియర్లు. పదహారు పన్నెండ్లు 192. మిగిలిన వాట్లన్నీ ఈ కంప్యూటరు పెద్దగా వాడుకోని లైన్లలో చూపించి కూడిన లెక్క.

ఇప్పుడు అవసరం ఎంతో చూద్దాం. ఆ గ్రాఫిక్స్ కార్డు ఒక్కటే 170 వాట్లు. ప్రాసెసరుకు కంపెనీ రాసింది 65, కానీ ఓవర్‌క్లాక్ చేస్తే 120 అనుకోవాలి. బోర్డు, మెమరీ, డిస్కులు, ఫ్యాన్లకు 60. మొత్తం 350. ఆ కార్డు కంపెనీయే కనీసం 550 వాట్ల సప్లై పెట్టుకోమంటుంది.

65 ఎందుకు 120 అవుతుందని తండ్రి అడిగాడు. వేగం ఎంత పెంచితే కరెంటు అంత పెరుగుతుంది. అది ఒక భాగం. ఆ వేగంలో తడబడకుండా నిలవాలంటే వోల్టేజి కూడా పెంచాలి. వోల్టేజి పెంపు వర్గం లెక్కన పడుతుంది. వేగం పది శాతం, వోల్టేజి పది శాతం పెంచారనుకోండి: 1.1 ను మూడుసార్లు గుణిస్తే 1.33. పది శాతం వేగానికి ముప్పై మూడు శాతం ఎక్కువ తిండి. పైగా కొత్త ప్రాసెసర్లు వేడీ కరెంటూ అనుకూలిస్తే తమంతట తామే వేగం పెంచుకుంటాయి. అందువల్ల ఓవర్‌క్లాక్‌తో దక్కే లాభం ఒకప్పటంత లేదు. ఈ మాట అబ్బాయికి నచ్చలేదు. "పెదనాన్నా, కొంచెమైనా పెంచుతాను" అన్నాడు. సరే, వయసు అలాంటిది.

తమ్ముడు మాత్రం, "అన్నా, ఉత్త ఫ్యాను డబ్బాకు నాలుగు వేలా?" అన్నాడు.

"నీ కుట్టు మిషను మోటారు చిన్నదై, జీన్సు గుడ్డ నాలుగు మడతలు పెట్టి కుడితే ఏమవుతుంది?"

"మూలుగుతుంది. కాలిన వాసన కూడా వస్తుంది."

"మిషనులో మోటారు కాలితే మోటారే పోతుంది. ఇక్కడ ఇది పోతూ పోతూ బోర్డునూ కార్డునూ తోడు తీసుకుపోవచ్చు. నాలుగు వేలు చూసుకుంటే యాభై వేల సామాను మీదికి వస్తుంది."

మంచి సప్లైలో బరువు మించినా, లోపల షార్టయినా తనంతట తాను ఆగిపోయే ఏర్పాటు ఉంటుంది. మనం డబ్బు పెట్టేది ముఖ్యంగా దానికే.

బడ్జెట్ దాటకూడదు కదా, మరి డబ్బు ఎక్కడిది? కార్డు తగ్గిద్దామా అంటే అబ్బాయి పని దాని మీదే. దీపాల క్యాబినెట్టు తీసేసి, గాలి బాగా ఆడే మామూలు నల్ల డబ్బా పెట్టించాం. దీపాలు పెళ్ళి వీడియోను తొందరగా బయటికి తేవు. మిగిలిన సొమ్ముతో 12 వోల్టుల లైనులోనే 500 వాట్లు దాటే 550 వాట్ల సప్లై వచ్చింది, అయిదేళ్ళ వారంటీతో. 350 వాడితే 550లో మూడింట రెండు వంతుల లోపే. ఎండాకాలానికీ, కార్డు ఒక్కసారిగా లాగే కుదుపులకూ ఆ జాగా కావాలి. అలాగని 1000 వాట్లది కొనడమూ దండగే. వాడని వ్యాగన్‌కు అద్దె కట్టినట్టు.

"80 ప్లస్" ముద్ర గురించి ఒక మాట. అది పొదుపు గుర్తు, బలం గుర్తు కాదు. గోడలోంచి తీసుకున్న కరెంటులో ఎంత భాగం లోపలికి ఇస్తుందో చెబుతుంది. లోపల 300 వాట్లు కావాలంటే 80 శాతం దానికి గోడలోంచి 375 లాగాలి. ఆ తేడా 75 వాట్లు వేడిగా పోతాయి. ఇంట్లో యూపీఎస్ ఉన్నవాళ్ళు ఈ లెక్క తప్పకుండా వేసుకోండి. 600 వీఏ అని అమ్మేది చాలావరకు 360 వాట్లదే. పని మధ్యలో కరెంటు పోతే అది 375ని మోయలేక చేతులెత్తేస్తుంది.

ఇంకొకటి. అద్దె ఇళ్ళలో కొన్నిచోట్ల మూడో పిన్ను పేరుకే ఉంటుంది, ఎర్త్ ఉండదు. క్యాబినెట్టు ముట్టుకుంటే చురుక్కుమంటే కారణం తరచుగా అదే. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి చూపించండి. ఎంత మంచి సప్లై కొన్నా ఎర్త్ లేని ఇంట్లో దానికి సగం కాపలాయే.

దుకాణానికి వెళ్ళేవాళ్ళు నాలుగు అడగండి. 12 వోల్టుల లైనులో ఎన్ని ఆంపియర్లు? ఎంత వేడిలో ఆ వాట్లు ఇస్తుంది, 25 డిగ్రీల దగ్గరా, 40 దగ్గరా? గ్రాఫిక్స్ కార్డుకు పెట్టే 8 పిన్నుల వైరు సప్లైలోంచే వస్తుందా, లేక అతుకు వైరు ఇస్తారా? అతుకు ఇస్తానంటే వద్దనండి. వారంటీ ఎన్నేళ్ళు, బిల్లు మీద సీరియల్ నంబరు రాస్తారా?

అబ్బాయి కంప్యూటరు ఇప్పుడు నడుస్తోంది. చీటీకి ఇంకా పద్నాలుగు కంతులున్నాయి. ఇంకెవరైనా పిల్లలకు కొనేటట్టుంటే, బయానా ఇవ్వకముందే కొటేషన్ ఆదివారం మీటింగుకు తీసుకురండి. కూర్చుని లెక్క వేద్దాం. కమీషను అక్కర్లేదు, ఒక ఫిల్టరు కాఫీ చాలు.