బ్రేకర్ పెద్దదైతే వైరు లావవుతుందా

ఘుగ్గుస్‌లో మా చిన్నక్క ఇంట్లో గీజర్ పెట్టిన మూడో రోజే గొడవ మొదలైంది. "నువ్వొచ్చి చెప్పు, మీ బావ నా మాట వినడు" అని ఫోను. నాకు కరెంటు గురించి తెలిసింది బిల్లు కట్టడమొక్కటే. అయినా వెళ్లాను.

అక్క వాళ్ల గల్లీ అంతా తెలుగే. కరీంనగర్, ఆదిలాబాద్ వైపు నుంచి బొగ్గు బావుల పనికి వచ్చినవాళ్ల పిల్లలు, మనవలు. మాటల్లో మరాఠీ కలిసిపోయింది. ఎండకు మాడే చంద్రపూర్ జిల్లాలో గీజరెందుకని నవ్వకండి, డిసెంబరు తెల్లవారుజామున అక్కడ స్నానం చేసి చూడండి. మొన్నటిదాకా అక్క రాగి బంబులో బొగ్గు రాజేసి నీళ్లు కాచేది. కోస్తా వాళ్లు దాన్నే బాయిలర్ అంటారు. దానికి మసి, పొగ తప్ప వేరే లెక్క లేదు.

ఇప్పుడు లెక్క వచ్చింది. పొద్దున ఆరింటికి బావ గీజర్ వేస్తాడు, అక్క ఇండక్షన్ పొయ్యి మీద అన్నం పెడుతుంది, పైన ట్యాంకుకి మోటారు నడుస్తుంటుంది. కాసేపటికి టక్‌మని ఇల్లంతా చీకటి. "ఈ 20 ఆంపియర్ల బ్రేకర్ పనికిరాదు" అని బావ 32ది కొని అలమరాలో పెట్టుకున్నాడు.

ఆ గల్లీలో అందరికీ మామ అయిన పెద్దాయన ఒకరున్నారు. భూగర్భ బావిలో ఎలక్ట్రీషియన్‌గా చేసి రిటైరయ్యారు. వచ్చీ రాగానే స్విచ్చుల జోలికి పోలేదు. పొయ్యి ప్లగ్గుకి చేతి వెనకవైపు ఆనించి, కళ్లు మూసుకుని కాసేపు నిలబడ్డారు, జ్వరం చూసినట్టు. తర్వాత బోర్డు మూత విప్పి, కత్తెర నోరు లాంటి క్లాంప్ మీటరుని ఒక్క వైరు చుట్టూ వేశారు. బావ నిన్న రెండు వైర్లూ కలిపి వేస్తే సున్నా చూపించిందట. పోయే కరెంటు, వచ్చే కరెంటు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటే సున్నా కాక ఏమొస్తుంది?

"గీజర్ 3 కిలోవాట్లది, 13 ఆంపియర్లు. పొయ్యి ఎనిమిదిన్నర మీద. మోటర్ మూడున్నర. ఎంతాయె అల్లుడా?"

"పాతిక."

"మరి 32ది పెడితే పడదు. పడకుంటే ఏం గాలుతది?"

బావ మాట్లాడలేదు.

"బ్రేకర్ గీజర్‌ని కాపాడేటందుకు గాదు, గోడల ఉన్న వైరును కాపాడేటందుకు. కరెంటు రెండింతలైతే వేడి నాలుగింతలైతది."

నాకు కోపం వచ్చింది, బావ మీద కాదు. గీజర్ అమ్మినవాడు గోడలో ఏ వైరుందో అడగడు. బిగించే కుర్రాడికి గొట్టాలు కలిపితే పని అయిపోయినట్టే. మంజూరైన లోడు ఎంతో బిల్లు మీదే ఉంటుంది, చదివేవాడు లేడు. అసలు 3 కిలోవాట్ల ఇన్‌స్టంట్ గీజర్ ఎందుకు కొనాలి? 2 కిలోవాట్ల 15 లీటర్ల ట్యాంకు గీజరైతే 20 డిగ్రీల నీళ్లని 60కి తేవడానికి ఇరవై నిమిషాల పైచిలుకు పడుతుంది, కానీ 9 ఆంపియర్లు కూడా దాటదు. ఆ ఇరవై నిమిషాలు ఆగలేక గోడ లోపల నిప్పు పెట్టుకుంటాం. పక్కనే 2920 మెగావాట్ల చంద్రపూర్ థర్మల్ కేంద్రం. దాని కింద బతికే ఊళ్లో ఇంటి లెక్క చెప్పడానికి రిటైరైన ఒక ముసలాయన దిక్కు. బావిలో వైరు అతుకు వేసే ముందు లైను చచ్చిందో లేదో రెండుసార్లు చూసిన చెయ్యి అది. ఆయన దగ్గర నేర్చుకుంటానని ఒక్క పిల్లాడూ రాలేదట.

గీజర్‌కి బోర్డు నుంచి విడిగా 4 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు లాగారు. దానికి సొంత బ్రేకరు, లీకేజీ పట్టే 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ. పొయ్యికీ గీజర్‌కీ కలిపి ఒక చేంజోవర్ స్విచ్చు: ఇటు తిప్పితే నీళ్లు, అటు తిప్పితే అన్నం. రెండూ ఒక్కసారి రావు.

"అంటే నేను మీ బావ స్నానమయ్యేదాకా కూర్చోవాలా?" అంది అక్క. ఎవరూ జవాబు చెప్పలేదు.

చివరగా మామ పెరట్లో ఎర్తింగ్ గుంట చూశారు. కట్టెబొగ్గు, ఉప్పు వేసి నింపిన గుంట, ఎండి పగుళ్లిచ్చింది. బిందెడు నీళ్లు పోయించి, మట్టి పీల్చుకునేదాకా కూర్చున్నారు.

"ఎండకాలం వారానికోసారి పోయాలె బిడ్డా."

"మే నెలల మాకే నీళ్లుండయి మామా," అంది అక్క.

ఆయన బిందె బోర్లించి, మీటరు సంచిలో పెట్టుకున్నారు.