చెంచాడు ఇసుకలో ఎన్ని రంగులో!

కన్యాకుమారిలో కొన్న ఇసుక పొట్లం మీ ఇంట్లో ఉందా? పిల్లల భూతద్దంతో ఓసారి చూడండి. ఆ తీరపు ఇసుకలో ఎర్రగా మెరిసేవి గార్నెట్ రేణువులు, నల్లనివి ఇల్మనైట్. హవాయిలోని పాపకోలియా తీరమైతే ఆకుపచ్చన! అగ్నిపర్వతం పుణ్యాన వచ్చిన ఆలివిన్ రంగు అది. జపాన్‌లోని టకెటోమి దీవిలో నక్షత్రాల్లాంటి ఇసుక దొరుకుతుంది. నిజానికవి బుల్లి సముద్రజీవుల గుల్లలు.

ముచ్చటపడి మూట కట్టుకొస్తానంటే మాత్రం కుదరదండోయ్! ఇటలీలోని సార్డీనియా దీవిలో ఇసుక తీస్తే 500 నుంచి 3000 యూరోల జరిమానా. యాత్రికులు తలా గుప్పెడు పట్టుకుపోతుంటే అక్కడి బుడెల్లి గులాబీ తీరాన్ని 1990లలో మూసేయాల్సి వచ్చింది.

అందుకే ఏ తీరానికెళ్ళినా ముందు అడగండి. తీసుకోవచ్చంటే చెంచాడు చాలు. మంచినీళ్ళతో కడిగి, ఆరబెట్టి, సీసాకి ఊరిపేరు, తేదీ అంటించండి. లేకపోతే ఏది ఎక్కడిదో మీకే గుర్తుండదు!